గోడ కవతలి ఏడుపు

ఏడు చేపల కథ ఎరుగని ఇల్లు మన తెలుగునాట ఉండదు. ఏడవ చేప ఏల యెండలేదని రాజకుమారుడు ప్రశ్నించుటతో మొదలై, గడ్డిమేటును, ఆవును, పాలేరును, అవ్వను వరుసగా అడుగుచు పోగా, పిల్లవాడు ఏడ్చుచుండుటచే అవ్వకు అన్నము పెట్టు తీరిక లేకపోయినదని తేలును. పిల్లవాడేల యేడ్చెనన, చీమ కుట్టినది. ఒకరితో ఒకరికి పొత్తులేని యిందరిని ఆ కథలో కలిపినది ఒక పసివాని ఏడుపే గదా. చిన్నతనమున మేము దీనిని నవ్వుచు వింటిమి. మా పిల్లలకు నవ్వించుచు చెప్పితిమి. ఈ నడుమ ఒక పరదేశపు చలనచిత్రమును చూచిన పిమ్మట, ఆ కథలో అడుగవలసినవాడు అడిగెను, అడుగబడినవారు జవాబు చెప్పిరి అను సంగతి మా మనసునకు క్రొత్తగా తట్టినది.

ఆ చిత్రము ఫ్రెంచి భాషలోనిది. పేరు 'కోడ్ ఎంకొన్యూ'. 'తెలియని సంకేతము' అని మనము చెప్పుకొనవచ్చును. ఆ పేరు క్రిందనే 'నానా ప్రయాణముల అసంపూర్ణ వృత్తాంతము' అని మరియొక మాట కలదు. 2000 సంవత్సరమున వెలువడినది. దర్శకుడు ఆస్ట్రియా దేశపు మైకేల్ హానెకె. ముఖ్యపాత్ర ధరించినది జూలియెట్ బినోష్. ఆయనతో పనిచేయగోరి ఆమెయే తనంతట కబురుపెట్టినదట. కథాస్థలము పారిస్ నగరము. ఫ్రెంచివారితో పాటు ఆఫ్రికానుండి వచ్చినవారు, అరబ్బులు, రుమేనియానుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు ఒకే వీధిలో, ఒకే రైలుపెట్టెలో, ఒకరి భుజమునకు ఒకరి భుజము తగులుచు తిరుగు మహానగరమది.

ఆ నగరమున మేడల వీధితలుపుల ప్రక్కన అంకెల మీటలుండును. ఆ యింటివారికి మాత్రము తెలిసిన అంకెలను వరుసగా నొక్కినగాని తలుపు తెరుచుకొనదు. వానిని మార్చిరా, నిన్న లోనికి వచ్చిపోయిన చుట్టము నేడు వీధిలో నిలువవలసినదే. చిత్రమునకు ఆ పేరు ఇందువలననే. మన మేడలలో కావలివాడు పుస్తకమున పేరును, ఫోను నంబరును వ్రాయించుకొనుటయు ఇట్టిదే గాని, కావలివానినైనచో బ్రతిమాలుకొనవచ్చును, మీటలను బ్రతిమాలుటెట్లు?

కథ చెవిటి పిల్లల బడిలో ప్రారంభమగును. ఒక బాలిక గోడకు వెన్ను చేర్చి, ముడుచుకొనుచు, ఏదో యభినయించును. తోడి పిల్లలు చేసైగలతో ఊహించి అడుగుదురు: ఒంటరితనమా? దుఃఖమా? చెఱసాలయా? ప్రతిదానికిని ఆ పిల్ల కాదని తల యూపును. జవాబు తెలియకమునుపే చిత్రము పేరు పడును. తక్కిన కథయు ఇట్లే నడచును. కెమెరాను ఆపక ఒకే పట్టున తీసిన దృశ్యమొకటి వచ్చును, మాట మధ్యలోనే తెగును, తెర నల్లబడును, పిమ్మట వేరొకరి బ్రతుకు. మా అత్తగారు మొదట రెండు మారులు "కరెంటు పోయిందేమే?" అని అడిగిరి. అలవాటైన తరువాత ఆ నలుపు వచ్చినపుడెల్ల "సరే, ఇక ఎవరి గోలో" అనుచు సర్దుకొని కూర్చుండిరి. మా అమ్మాయి క్రింద పడు ఆంగ్లాక్షరములను చదివి నాయనమ్మకు తెలుగున చెప్పుచుండెను.

పలువురి బ్రతుకులను పెనవేసి చెప్పు చిత్రములు మనకు తెలియనివి కావు. 2010లో క్రిష్ దర్శకత్వమున వచ్చిన 'వేదం'లో కేబుల్ తీగెలు లాగు కుర్రవాడును, వేశ్యయు, సిరిసిల్ల నేతపనివాడును, ముస్లిము గృహస్థుడును, పాటకాడును హైదరాబాదులో ఒకే ఆసుపత్రి చూరు క్రిందికి చేరుదురు. చూచువారికి తుదకు ఒక ఊరట లభించును. ఈ ఫ్రెంచి చిత్రమున అట్టి చూరు లేదు. అందరును మొదటి వీధిలోనే ఒకరికొకరు ఎదురై, ఢీకొని, విడిపోయి, మరల అట్లు కలిసికొనరు.

ఆ మొదటి వీధి సంగతి వినుడు. 8, 9 నిమిషములు ఎడతెగక సాగు దృశ్యమది. ఆన్ అను నటి యింటినుండి బయటికి వచ్చును. ఆమె సహచరుడు జార్జ్ యుద్ధముల ఫోటోలు తీయువాడు, దేశాంతరమున నున్నాడు. అతని తమ్ముడు, మన వరుసలో మరది యనుకొందము, పల్లెలో తండ్రి సేద్యము తనకు వలదని పారిపోయివచ్చి, అంకెలు మారుటచే లోనికి పోలేక వీధిలో వేచియున్నాడు. ఆమెకు పని తొందర. నడచుచునే అతనికి తినుబండారము కొనిపెట్టి, లోనికి పోవు ఉపాయము చెప్పి, ముగ్గురు మసలుటకు ఆ యిల్లు చాలదని కూడ చెప్పి వెడలిపోవును. మనసు నొచ్చిన ఆ కుర్రవాడు చేతిలోని పొట్లపు కాగితమును నలిపి, గోడవార కూర్చుండి బిచ్చమెత్తుచున్న యొక స్త్రీ యొడిలోనికి విసరును. ఆమె మరియా, రుమేనియా దేశస్థురాలు. దానిని చూచి అమాదు అను నల్లజాతి యువకుడు అతని నాపును. మాలీ దేశమునుండి వచ్చిన కుటుంబపువాడు. చెవిటి పిల్లలకు బోధించు ఉపాధ్యాయుడు. "ఆమెను అవమానించితివి, క్షమాపణ చెప్పు" మనును. కుర్రవాడు తప్పించుకొనచూచును, పెనుగులాట జరుగును, పోలీసులు వత్తురు.

తరువాత జరిగినదేమి? అమాదును పోలీసులు పట్టుకొనిపోయిరి. మరియాకు తగిన పత్రములు లేవని దేశము దాటించి పంపివేసిరి. కాగితము విసరినవాడు అన్న యింటికి పోయెను.

"ఎవరి పని వారు చూసుకుంటే ఆవిడ బిచ్చమేదో ఆవిడ ఎత్తుకునేది కదా నాయనమ్మా" అని మా అమ్మాయి అనినది. మా అత్తగారు వెంటనే జవాబు చెప్పలేదు. మేమును చెప్పలేకపోతిమి. అమాదు చేసినది ధర్మమే. అయినను అడ్డుపడువాడు ఆమెను ముందుగా ఒక మాట అడిగెనా? అవమానము పొందినది ఆమె. క్షమాపణ కోరినది అతడు. పోలీసులను చూడగానే ఆమె మెల్లగా తప్పుకొనిపోవ యత్నించుట మనకు తెరమీద కనబడును. న్యాయము జరిగిన చాలునని అతడు తలచెను. తన్నెవరును చూడకున్న చాలునని ఆమె తలచుచుండెను. ఇట్టి చిక్కును మేము పుస్తకములలో అరుదుగా చూచితిమి.

ఇక ఆన్ సంగతి. ఒకనాడు ఆమె యింట నొంటరిగా ఇస్త్రీ చేసికొనుచుండును. ఎదుట టెలివిజను మాటలాడుచుండును. ఇంతలో ఎక్కడనో గోడ కవతల ఒక ఆడపిల్ల కేక. ఆన్ టెలివిజను గొంతు నాపును. చెవి యొగ్గును. మరల కేకలు, దెబ్బల వంటి చప్పుడు. ఆమె గ్లాసు చేత బట్టుకొని ఒక గ్రుక్క త్రాగును, నిలుచును, మరల ఇస్త్రీ పెట్టె నందుకొనును. దృశ్యమంతయు ఇంతియే. పెద్ద నటి గనుక కన్నీరు కార్చుననియో, పరుగెత్తుననియో మనము ఎదురుచూతుము. ఆమె అంగీ మడత సరిచేయును.

ఈ యొక్క దృశ్యము కొరకైనను ఈ చిత్రమును గృహిణులు చూడవలెనని మా అభిప్రాయము. చెవి ఒకచోట, చేయి ఒకచోట ఉండుట మనకు నిత్యానుభవము. చేతిలో పనియున్నచో కాళ్లు కదలకపోవుటకు అదియే సాకగును. అన్నము పొంగుచున్నది, పిల్లవాడు బడికి పోవలెను, ఇస్త్రీ పెట్టె కాలుచున్నది. ఆ పెట్టెను ఒక నిమిషము ప్రక్కకు పెట్టినచో బట్ట చెడదు.

కొన్నాళ్లకు ఆన్ తలుపు సందున ఒక చీటీ వచ్చును. ఆ పిల్ల వ్రాసినదో, ఆమె బాధ నెరిగిన మరియొకరు వ్రాసినదో తెలియదు. ఎదురింటి ముసలమ్మ వ్రాసినదేమో యని ఆన్ పోయి అడుగును; ముసలమ్మ తాను కానని తలుపు మూసికొనును. ఆన్ అంగడిలో సరకులు కొనుచు జార్జ్‌ను సలహా యడుగును. వారెవరో తనకు తెలియదని అతడనును. చూడుడు, ఈ జార్జ్ కొసోవో యుద్ధమునకు పోయి శవములను ఫోటోలు తీసినవాడు. పారిస్ మెట్రోరైలులో ఎదుట కూర్చున్నవారి ముఖములను, వారికి తెలియకుండ దాచిన కెమెరాతో తీయువాడు. (చిత్రములో చూపిన ఆ ముఖములు లుక్ దెలాయె అను నిజమైన ఫోటోగ్రాఫరు మెట్రోలో అట్లే రహస్యముగా తీసినవి.) వేయి మైళ్ల దూరపు దుఃఖము అతనికి తెలియును, ఒక గోడ దూరపు దుఃఖము తెలియదు. అతని యందు మాకు గలిగినంత విసుగు ఆన్ యందు కలుగలేదు. ఆమె కనీసము అడిగినది.

పిమ్మట ఒక దృశ్యమున ఆన్, ఆ ముసలమ్మ శ్మశానమునుండి ప్రక్కప్రక్కన నడచి వత్తురు. పిల్ల యెట్లు పోయెనో చిత్రము చెప్పదు. ఇరువురును మాటలాడుకొనరు. చీటీ ఎవరిదని ఒకరినొకరు మరల అడుగుకొనరు. మా అత్తగారు ఇచ్చట చిత్రము నాపించి, లేచిపోయి మంచినీరు త్రాగి వచ్చిరి.

మరియా కథ యొకటి మిగిలియున్నది. పంపివేయబడిన ఆమె రుమేనియాలో తన యూరు చేరును. అచ్చట సగము కట్టిన ఇండ్లు. పరదేశపు సొమ్ముతో లేచుచున్నవి. తాను బిచ్చమెత్తితినని ఆమె ఎవరితోను చెప్పదు. మరల పారిస్ పోవుటకు సిద్ధపడుచున్న సమయమున, తోడి స్త్రీతో మనసు విప్పి ఒక సంగతి చెప్పును. పూర్వ మొకప్పుడు తన దేశమున ఒక జిప్సీ బిచ్చగత్తెకు డబ్బిచ్చి, ఆమె చేయి మురికిగా నుండెనని, రోగమంటునేమో యని పరుగున పోయి చేతులు కడుగుకొనెనట. తరువాత పారిస్ పెద్దవీధిలో తాను చేయి చాచినపుడు, మంచి దుస్తులు ధరించిన యొకడు ఇరువది ఫ్రాంకుల నోటు ఇయ్యబోయి, తన చేతిని చూచి రోతపడి, దానిని ఒడిలోనికి విసరి పోయెనట. ఆనాడు ఆమె అటక యెక్కి దినమంతయు ఏడ్చెనట.

ఈ మాట వినునపుడు మా యింట నిశ్శబ్దమైనది. పనివారికి చిల్లర ఇచ్చునపుడు చేతిలో పెట్టుదుమా, గట్టుమీద పెట్టుదుమా? పండ్లమ్మి చేతినుండి మిగులు డబ్బు పుచ్చుకొనునపుడు కొనవ్రేళ్లతో అందుకొందుమా? మరియా చెప్పిన కథలో కడుగుకొన్న చేయియు, ఛీకొట్టబడిన చేయియు ఒకరివే. ఆమెను ఏడ్చిన స్త్రీగా మాత్రము చూపియున్నచో మన కనులు చెమ్మగిల్లి ఊరకుండును. అటువంటి సుఖమును దర్శకుడు మనకీయలేదు. ఆ పాత్రను ధరించిన లుమినిత్స గియోర్గియు గొంతెత్తక, ఎవరిని నిందింపక, ఆ మాటలు చెప్పిన తీరు మరువరానిది.

మెట్రోరైలులో జరిగిన మరియొక ఘట్టము కూడ చెప్పవలెను. ఒక అరబ్బు కుర్రవాడు ఆన్‌ను వెక్కిరించుచు, వెంటబడి, ప్రక్కన వచ్చి కూర్చుండును. ఆమె మాటలాడదు. పెట్టె నిండ జనమున్నారు, ఎవరును పలుకరు. దిగిపోవుచు వాడు ఆమె ముఖమున ఉమ్మును. అపుడు దాపున కూర్చున్న పెద్దవాడొకడు, అతడును అరబ్బే, కాలడ్డము పెట్టి, లేచి, తన కంటద్దములు తీసి ఆన్ చేతికిచ్చి, వానికెదురుగా నిలుచును. పెద్దవాని కంఠమున వణుకును, సిగ్గును రెండును వినబడును. దెబ్బలాట జరుగకయే స్టేషను వచ్చును. ఆన్ కంటద్దములు తిరిగి యిచ్చి, "మెర్సీ" యని, అటుపిమ్మట వెక్కి వెక్కి యేడ్చును. గోడ కవతలి పిల్ల కొరకు ఇంటిలో రాని ఏడుపు ఇచ్చట వచ్చెనేమో యని మా అమ్మాయి అనెను. కావచ్చును. మాకు మాత్రము ఆ కంటద్దములు నచ్చినవి. తగవునకు లేచువాడు తన కంటద్దములను ఎవరి చేతికిచ్చునో వారిని నమ్మినట్లే గదా.

పరదేశపు చిత్రమును గూర్చి ఇంతగా వ్రాయుటకు మా యింటి సంగతి యొకటి కారణము. మేముండు మేడలో నాలుగైదు భాషలవారున్నారు. కొన్నేండ్ల క్రిందట మా వంటగది గోడ కవతల ఒక కుటుంబము దిగినది. వారి భాష మాకు రాదు, మాది వారికి రాదు. రాత్రులందు ఒక స్త్రీ అరచినట్లు, ఏదో నేలబడినట్లు చప్పుళ్లు వినబడుచుండెను. మావారు సొసైటీ కార్యదర్శితో చెప్పవలెననిరి. మేము ఆ కోడలితో పగటిపూట మాటలాడవలెనంటిమి. అది యిది అనుకొనుచుండగనే ఒక రాత్రి మరల చప్పుడయ్యెను. మా అత్తగారు స్టీలు గిన్నె యొకటి తీసికొని, పోయి, వారి గంట నొక్కిరి. ఎంతసేపటికో తలుపు తెరచిన ఆ పిల్లతో సైగ చేయుచు, తోడుకు పెరుగు కావలెననిరి. మా యింట ఫ్రిజ్జులో గిన్నెడు పెరుగున్నది! లోపల మగవాడు నిలుచుండెను. ఆ పిల్ల కన్నులు తుడుచుకొని, గిన్నెలో ఒక చెంచా పెరుగు వేసి యిచ్చెను. మరునాటి రాత్రియు మా అత్తగారు గిన్నెతో పోయిరి. ఆ మరునాడును. చప్పుడైనను కాకున్నను పోవుచుండిరి. ఆ పిల్ల నవ్వుట నేర్చెను. "పెరుగు" అను మాట నేర్చెను. నాలుగు నెలలకు వారు ఇల్లు మారిపోయిరి. అక్కడ ఆమె యెట్లున్నదో మాకు తెలియదు.

2008లో మన దేశమున బ్రేక్‌త్రూ అను సంస్థ 'బెల్ బజావో' యను ప్రచారము నడపినది. ఇంటిలోపల స్త్రీని కొట్టుచున్న చప్పుడు వినబడినచో గంట మ్రోగింపుడని దాని సారాంశము. ఆ ప్రకటనలలో పొరుగువాడు పాలు కావలెనని, పిల్లలు బంతి పడినదని గంట నొక్కుదురు. మా అత్తగారు వానిని చూచి నేర్చినదేమియు లేదు. అయినను పాలకును పెరుగునకును ఉన్న చుట్టరికము మాకు ముచ్చట గొలిపినది.

గంట నొక్కుటకు భయపడువారికి వేరు దారులును కలవు. 2005 నాటి గృహహింస చట్టపు 4వ సెక్షను ప్రకారము, ఒక యింట హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై దావా గాని నేరము గాని నిలువదు. ఈ చట్టము 2006 అక్టోబరు నుండి అమలులోనికి వచ్చినది. పిల్లల విషయమున 1098, స్త్రీల విషయమున 181, తక్షణాపదయందు 112 నంబర్లకు ఫోను చేయవచ్చును. మా వంటగదిలో పాలలెక్క వ్రాయు క్యాలెండరుపై ఈ మూడింటిని వ్రాసి యుంచితిమి. అమాదు కథను చూచినవారు, ఆ స్త్రీకి వీలున్నపుడు ముందు ఆమెను ఒంటరిగా అడుగుట మేలని కూడ గ్రహింతురు. పసిపిల్ల విషయమున అంత తీరిక యుండదు.

చిత్రము రెండు గంటలకు రెండు నిమిషములు తక్కువ. చిన్న పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనరాదు. ఎదిగిన కుమార్తెతో చూచుట మంచిది. తుదిభాగమున మాటలు తగ్గును. అమాదు వెంట చెవిటి పిల్లలు డప్పులు వాయింతురు. ఆ దరువు తక్కిన దృశ్యములన్నింటి మీదుగా సాగుచుండును. మరియా మరల పారిస్ వచ్చి తాను కూర్చుండు చోటు వెదకుకొనును. ఒక వాకిట కూర్చుండగా ఇరువురు మగవారు లేపి పంపుదురు. జార్జ్ దూరదేశమునుండి వచ్చి మీటలు నొక్కును, అంకెలు మారినవి, తలుపు తెరుచుకొనదు.

ఆ పిమ్మట ఒక చెవిటి బిడ్డ మనవైపు తిరిగి, చేతులతో సుదీర్ఘముగా ఏదో చెప్పును. క్రింద అక్షరములు పడవు. "ఏమంటున్నదే?" అని మా అత్తగారు అడిగిరి. వ్రాయలేదని మా అమ్మాయి చెప్పెను. "మళ్లీ వెనక్కి తిప్పు" అని, కంటద్దములు సరిచేసికొని, ఆమె ఆ చేతులనే చూచుచు కూర్చుండిరి.